ఎయిడ్స్ చరిత్రలో కంటిచూపు: చికిత్సా పరిణామం

1981 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లోని ఐదుగురు యువకుల అరుదైన న్యుమోనియాపై వెలువడిన నివేదికతో ఎయిడ్స్ వైద్యచరిత్ర ఆరంభమైంది. ఆ ఐదుగురిలోనూ సైటోమెగలోవైరస్ సోకిన ఆధారాలు లభించాయి. చాలామంది శరీరాల్లో నిద్రాణంగా ఉండే ఈ వైరస్, సీడీ4 కణాలు ఘన మిల్లీమీటరు రక్తంలో 50 కంటే తగ్గిన రోగుల్లో రెటీనాను నొప్పి తెలియకుండానే నాశనం చేయగలదు. 1989లో అమెరికాలో అనుమతి పొందిన గాన్‌సైక్లోవిర్ ఈ వ్యాధిని నెమ్మదింపజేసిందే గాని రోగనిరోధక శక్తిని పునరుద్ధరించలేదు. మందు ఆపితే వ్యాధి తిరగబెట్టేది. 1996 నుండి విస్తరించిన సంయుక్త ఔషధ చికిత్స హెచ్‌ఐవినే అదుపు చేయడంతో కొత్త కేసులు గణనీయంగా తగ్గాయి. అయితే కోలుకున్న రోగనిరోధక శక్తి కొందరి కళ్లలో వాపునకు కారణమైంది. అప్పటికే నశించిన రెటీనా తిరిగి రాలేదు. చూపు రక్షణ సకాలంలో చేయించుకునే హెచ్‌ఐవి పరీక్షతోనే మొదలవుతుందని ఈ పరిణామం స్పష్టం చేస్తున్నది.