బాబాయి షాపులో తాళం

మొన్న నరసాపురం వెళ్ళినప్పుడు అటక మీద సామాన్లు సర్దుతుంటే అగ్గిపెట్టెంత బూడిదరంగు ముక్క ఒకటి దొరికింది. ఒకవైపు 25 పిన్నులు, రెండోవైపు 25 కన్నాలు. "ఏంటన్నయ్యా ఇది?" అంది మా చెల్లి. తాళం అన్నాను, నవ్వింది.

నిజంగా తాళమే, హార్డ్‌వేర్ లాక్. డాంగిల్ అంటే మీకు గుర్తొస్తుందేమో. మా బాబాయి డీటీపీ షాపులో శుభలేఖలు, లేసు ఎగుమతి చేసేవాళ్ళకి లేబుళ్ళు చేసేవాడు. తెలుగు అక్షరాలు, డిజైన్లు ఉన్న ప్యాకేజీ ఒకటి డబ్బులిచ్చి మరీ కొన్నాడు (మా ఊళ్ళో అలా కొన్నవాళ్ళని లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు). దాంతో వచ్చిందిది. దీన్ని ప్యారలల్ పోర్టుకి తగిలించి, ప్రింటర్ వైరు దీని వెనక తగిలించాలి.

సంగతి చాలా సింపుల్. ప్రోగ్రామ్ పోర్టుకి ఒక సంఖ్య పంపుతుంది, చిప్ తనకి తెలిసిన లెక్కేదో చేసి జవాబిస్తుంది. జవాబు తప్పితే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. సీడీని కాపీ కొట్టగలరు గానీ చిప్‌ని కొట్టలేరు కదా అని వాళ్ళ ధీమా. కానీ ఎంత చేసినా చివరికి అదొక ఇఫ్ స్టేట్‌మెంటే! క్రాకర్లు చిప్ జోలికే పోకుండా, ఈఎక్స్ఈలో ఆ ఒక్క జంప్ మార్చేసేవారు. తర్వాత లాకులవాళ్ళూ తెలివి మీరి, కోడ్‌లో కొంత ఎన్‌క్రిప్ట్ చేసి తాళంతోనే విప్పించారనుకోండి.

గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ ఖరీదెక్కువ కాబట్టి ఈ గొడవలు అక్కడా ఉన్నాయి. ఆటోక్యాడ్‌కి అమెరికాలో తాళం పెడితే కొన్నవాళ్ళే తిరగబడ్డారు, 1986లో తీసేశారు. అమెరికా బయట మాత్రం చాలా ఏళ్ళు ఉంచారు! 2003లో ఫొటోషాప్ సీఎస్‌తో అడోబీ యాక్టివేషన్ తెచ్చింది, అంటే తాళం వాళ్ళ సర్వర్లోకి పోయింది. తర్వాత సీఎస్2 సర్వర్ ఆపేసినప్పుడు, కొన్నవాళ్ళ కోసం యాక్టివేషన్ అక్కర్లేని కాపీని, సీరియల్ నంబర్లని వాళ్ళే సైట్లో పెట్టాల్సొచ్చింది. లోకమంతా ఫ్రీ అనుకుని ఎగబడింది, అది వేరే కథ.

ఇక బాబాయి సంగతి. 2009, మాఘమాసం, శుభలేఖల సీజను. నేను ఏడో క్లాసు. ఓ పొద్దున్న తాళం పలకలేదు. సముద్రపు గాలికి పిన్నులు తుప్పు పట్టాయి. కంపెనీకి ఫోన్ చేస్తే పాతది కొరియర్ చెయ్యండి, కొత్తది మూడు వారాల్లో వస్తుందన్నారు. బిల్లు చూపిస్తానన్నా వినలేదు. ఈలోగా పెళ్ళిళ్ళు ఆగుతాయా? మధ్యాహ్నం బస్సుకి భీమవరం వెళ్ళి, సాయంత్రానికి క్రాక్ సీడీతో దిగాడు. కొనుక్కున్నదాన్నే దొంగగా నడుపుకున్నాడు పాపం. ఆ వారమంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

మూడు వారాలకి కొత్త తాళం వచ్చింది. బాబాయి దాన్ని పోర్టుకి తగిలించాడు గానీ, క్రాక్ మాత్రం తియ్యలేదు. అటక మీద దొరికింది ఆ రెండో తాళమే.