రైలు రాని సిరొంచ చెప్పే ఆవిరి ఇంజన్ చరిత్ర

నాగపూర్ మోతీబాగ్‌లో 2002లో తెరిచిన నారోగేజి రైలు మ్యూజియం విదర్భలో ఆవిరి యుగాన్ని దగ్గరగా చూడగలిగే చోటు. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద బెంగాల్ నాగపూర్ రైల్వే నడిపిన చిన్న బళ్ల జ్ఞాపకాన్ని అది కాపాడుతోంది. ఆ చిన్న బళ్ల దారుల్లో ఒకటి గోండియా నుంచి చాందా వైపు వడసా మీదుగా పోయేది. గడ్చిరోలి జిల్లా మొత్తానికి రైలు స్టేషనంటే చాలాకాలంగా ఆ వడసా ఒక్కటే. అదీ జిల్లాకు ఉత్తరపు కొసన ఉంది. దక్షిణపు కొసన, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట, తెలుగు వినిపించే సిరొంచ ఉంది. ఆ ఊరికి ఆవిరి ఇంజన్ ఏనాడూ రాలేదు. దాని తర్వాతి డీజిల్ బండీ, కరెంటు బండీ కూడా రాలేదు. అలాంటప్పుడు ఆవిరి ఇంజన్ల మ్యూజియం ఎలా ఉండాలో చెప్పడానికి సిరొంచ తగిన చోటు కాదని ఎవరైనా అనుకుంటారు. నేను మాత్రం సరిగ్గా అదే తగిన చోటంటాను. ఆరుబయట నిలబెట్టిన ఇంజన్ మనకు యంత్రాన్ని చూపిస్తుంది. ఆ యంత్రం ఎవరి బొగ్గుతో, ఏ అడవి కలపతో, ఏ ఊళ్లను కలుపుతూ, ఏ ఊళ్లను వదిలేస్తూ నడిచిందో చూపించదు. ఈ రెండో సగం సిరొంచ చుట్టుపక్కల నేల మీద ఇంకా చదవడానికి వీలుగా ఉంది. దాన్ని కూడా మ్యూజియంలో భాగంగా లెక్కిస్తేనే ఆవిరి చరిత్ర పూర్తవుతుంది.

ఆరుబయట మ్యూజియం అనే ఆలోచన రైళ్లతో పుట్టలేదు. 1891లో స్టాక్‌హోంలో ఆర్తుర్ హాజేలియస్ తెరిచిన స్కాన్సెన్‌లో పల్లెటూళ్ల పాత ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ కట్టారు. వస్తువును గాజు పెట్టెలో కాక దాని పరిసరాలతో కలిపి చూపాలన్నది అక్కడి సూత్రం. ఇంజన్ల విషయంలో ఆరుబయలు ఎంచుకోవడానికి కారణం ఇంత లోతైనది కాదు. పదుల టన్నుల బరువున్న యంత్రం మామూలు భవనంలో పట్టదు. దాన్ని పట్టాల మీద దొర్లించి తెచ్చి నిలపాలి. మన దేశంలో ఈ పని ముందుచూపుతోనే మొదలైంది. చిత్తరంజన్ కర్మాగారం బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజన్ల తయారీని 1970లో, మీటర్‌గేజి ఇంజన్ల తయారీని 1972లో ఆపింది. ఆ నడుమ 1971లోనే, రాష్ట్రపతిగా ఉన్న తెలుగువాడు వి.వి. గిరి ఢిల్లీ చాణక్యపురిలో రైలు మ్యూజియానికి శంకుస్థాపన చేశారు. 1977లో అది తెరుచుకుంది. 1979లో మైసూరులో మరొకటి వచ్చింది. బ్రాడ్‌గేజి మీద ఆవిరి బళ్ల రోజువారీ రాకపోకలు ముగిసింది 1995 డిసెంబరులో. అంటే దేశమంతటా ఇంజన్లు ఇంకా పొగ చిమ్ముతున్న రోజుల్లోనే వాటిని భద్రపరచాలన్న తెలివి ఉంది. 1855 నాటి ఫెయిరీ క్వీన్ ఇంజన్ 1997లో మళ్లీ పట్టాలెక్కి పరుగెత్తిందంటే ఆ ముందుచూపు వల్లనే. ఇందుకు ఆ మ్యూజియంలను నిలబెట్టినవారికి మనం రుణపడి ఉండాలి.

అయినా ఒక లోటు మిగిలింది. స్కాన్సెన్ సూత్రం ఇంజన్ దగ్గరికి వచ్చేసరికి తలకిందులైంది. పరిసరాలతో సహా చూపడానికి పుట్టిన పద్ధతి, పరిసరాల నుంచి వేరు చేసిన వస్తువుల వరుసగా మారింది. చక్రాల అమరిక, తయారీదారు పేరు, తయారైన సంవత్సరం, పనిలోంచి తప్పుకున్న సంవత్సరం రాసిన పలక దగ్గర కథ ఆగిపోతుంది. ఆవిరి ఇంజన్ తనంత తానుగా నడిచేది కాదు. దానికి గంటగంటకూ బొగ్గు కావాలి, దారి పొడవునా నీటి టాంకులు కావాలి, పట్టాల కింద లక్షల కొద్దీ చెక్క స్లీపర్లు కావాలి, ఫైర్‌బాక్స్ ముందు ఒళ్లు కాల్చుకునే ఫైర్‌మన్ కావాలి. వీటిలో బొగ్గునూ కలపనూ తీసుకుంటే గోదావరి, ప్రాణహిత, వార్ధా లోయలు ఆవిరి యుగానికి అక్షరాలా పునాది వేసిన ప్రాంతాలు. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాడు. ఆ దశాబ్దంలోనే చాందా వైపు వరోరాలో బొగ్గు తవ్వకం కోసం వార్ధా నుంచి రైలు మార్గం వేశారు. 1880ల చివర్లో నిజాం రైలు ఇల్లెందు చేరింది, సింగరేణి బొగ్గు రైళ్లకు అందసాగింది. ఇక అడవుల సంగతి. రైలు మార్గాలు మింగేస్తున్న కలపను అదుపులో పెట్టుకోవడం 1864లో డీట్రిక్ బ్రాండిస్ నాయకత్వాన అటవీ శాఖ ఏర్పడటానికి ఒక ముఖ్య కారణం. 1865, 1878 అటవీ చట్టాలు ఆ దారిలో వచ్చినవే. తరతరాలుగా అడవిని వాడుకుంటున్న గోండులు, మాడియాలు తమ అడవిలోనే అనుమతి అడగవలసిన వాళ్లయ్యారు. ఇంజన్ పక్కన ఈ కథ రాసి ఉండదు. రాయకపోవడం వల్ల ఇంజన్ అందంగా కనిపిస్తుందేమో గానీ అర్థం కాదు.

సిరొంచ కథ ఇక్కడే మొదలవుతుంది. 1860 ఒప్పందంలో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలైన సిరొంచ, నూగూరు, ఆల్బాక, చెర్ల, భద్రాచలం, రేకపల్లిని బ్రిటిషువారికి అప్పగించాడు. గోదావరి మీద సరుకు రవాణాకు సుంకాలు లేకుండా చేయడం కూడా ఆ ఒప్పందంలో భాగమే. ఆ తాలూకాలతో ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. సిరొంచ దాని ముఖ్యపట్టణమైంది. అడవి నడుమ ఉన్న చిన్న ఊరికి ఇంత ప్రాముఖ్యం రావడానికి కారణం నది. ధవళేశ్వరం ఆనకట్టను 1852 నాటికి పూర్తిచేసిన ఆర్థర్ కాటన్, రైళ్లకంటే జలమార్గాలే ఈ దేశానికి చవక అని గట్టిగా నమ్మినవాడు. ఆవిరి పడవలు సముద్రం నుంచి గోదావరి, ప్రాణహిత, వార్ధాల మీదుగా ఎగబాకి బేరారు, హింగన్‌ఘాట్ పత్తిని కోస్తాకు దించాలన్నది పథకం. నదిలో మూడు చోట్ల రాతి అడ్డంకులున్నాయి. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర, రెండోది సిరొంచకు దిగువన ఇచ్చంపల్లి దగ్గర, మూడోది ప్రాణహిత మీద అహేరి వైపు దేవలమర్రి దగ్గర. వాటిని దాటించడానికి ఆనకట్టలు, పక్క కాలువలు, లాకులు కట్టే పని ఇంజనీరు హేగ్ ఆధ్వర్యంలో సాగింది. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై లాంకషైరు మిల్లులకు పత్తి కరువైంది. దాంతో ఈ పథకానికి ఊపు వచ్చింది. ఆ కొద్ది సంవత్సరాలు సిరొంచ సామ్రాజ్య వాణిజ్యపు లెక్కల్లో ఒక కీలకమైన మజిలీ.

తర్వాత జరిగింది చూస్తే కారణకార్య సంబంధం స్పష్టంగా తెలుస్తుంది. 1865లో అంతర్యుద్ధం ముగిసి అమెరికా పత్తి మళ్లీ బజారుకు రావడం మొదలైంది. 1867లో బొంబాయి నుంచి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే నాగపూర్ చేరింది. వానాకాలపు నీటి కోసం ఎదురుచూడకుండా, ఏడాది పొడవునా, పత్తి పడమటికి పోయే దారి దొరికింది. తూర్పుకు దింపాలనుకున్న నది దారి ఖర్చుకు తగ్గ ఫలితం ఇవ్వదని 1871లో పని ఆపేశారు. 1874 వచ్చేసరికి ఎగువ గోదావరి జిల్లాయే లేకుండా పోయింది. భద్రాచలం, రేకపల్లి మద్రాసు ప్రెసిడెన్సీకి వెళ్లాయి, సిరొంచ చాందా జిల్లాలో ఒక తాలూకాగా మిగిలింది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. సిరొంచను ఓడించింది అడవి కాదు, కొండ కాదు, ఆవిరి తెలియకపోవడమూ కాదు. నీటి మీద నడిచే ఆవిరిని పట్టాల మీద నడిచే ఆవిరి ఓడించింది. ఆ పోటీలో తేలిన గెలుపే ఈనాటి భూపటంలో ఎవరు రైలుకు దగ్గర, ఎవరు దూరం అన్నది నిర్ణయించింది. 1929లో కాజీపేట, బల్లార్షాల మధ్య రైలు మార్గం పూర్తయినప్పుడు కూడా అది ప్రాణహితకు అవతలి గట్టు నేలలో మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూరుల మీదుగా సాగిపోయింది. మద్రాసు నుంచి ఢిల్లీకి తిన్నని దారి పడింది. ఇవతలి గట్టున ఉన్న సిరొంచ ఆ దారికి కొన్ని పదుల కిలోమీటర్ల దూరంలో ఉండిపోయింది. 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడ్డాక సిరొంచ దానికి దక్షిణపు అంచు అయింది. కాళేశ్వరం వైపు గోదావరి మీద వంతెన 2016లో గాని రాలేదు.

ఈ కథను ఆవిరి మ్యూజియంలో భాగం చేయాలన్న వాదానికి కొన్ని అభ్యంతరాలు రాకుండా ఉండవు. గోదావరి పడవల కథ జలరవాణా చరిత్ర కదా, రైలింజన్ల మ్యూజియంతో దానికేమి పని అన్నది మొదటిది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆనాటి పాలకులు, ఇంజనీర్లు, పెట్టుబడిదారులు వీటిని వేరుగా చూడలేదు. ఒకే పత్తి, ఒకే ఖజానా, ఒకే ఆవిరి శక్తి. ఏ దారిన పెట్టుబడి పెట్టాలన్నదే వాదం. కాటన్ 1878లో పార్లమెంటు సంఘం ముందు కూడా కాలువల పక్షానే వాదించాడు. రైలు గెలిచిందని చెప్పి, అది ఎవరి మీద గెలిచిందో చెప్పకపోతే ఆ గెలుపు ప్రకృతి సహజమైనదిగా కనిపిస్తుంది. అది సహజమైనది కాదు. లెక్కలు వేసి మనుషులు చేసిన ఎంపిక. రెండో అభ్యంతరం, విఫలమైన పథకపు శిథిలాలను గౌరవించడం దేనికని. విజయాలను మాత్రమే దాచిపెట్టే మ్యూజియం ప్రచారశాల అవుతుంది. పైగా దుమ్ముగూడెం ఆనకట్ట, లాకుల కట్టడాలు పూర్తిగా వ్యర్థం కాలేదు. ఆ రాతిపని ఈనాటికీ నదిలో నిలిచి ఉంది. వదిలేసిన పని నుంచి ఇంజనీరింగు విద్యార్థి నేర్చుకునేది, పూర్తయిన పని నుంచి నేర్చుకునేదానికి తక్కువ కాదు.

మరో అభ్యంతరం బలమైనది. ఇంజన్ స్వభావమే కదలడం, అది ఏ ఒక్క ఊరికీ చెందదు, అందువల్ల దాన్ని ఎక్కడ నిలబెట్టినా తప్పులేదు అంటారు. ఇంజన్ విషయంలో ఇది కొంతవరకు ఒప్పుకోవాలి. కానీ దాని పునాదులు కదలవు. గని కదలదు, లాకు కదలదు, పాత షెడ్డు కదలదు, అడవి కదలదు. కదిలేదాన్ని మ్యూజియంకు తెచ్చుకోవచ్చు, కదలనిదాని దగ్గరకు మ్యూజియమే వెళ్లాలి. ఇందుకు ఆదర్శం, దానికి విరుద్ధమైన ఉదాహరణ రెండూ సిరొంచ తాలూకాలోనే ఉన్నాయి. 1960 ప్రాంతంలో పోచంపల్లి దగ్గర ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ తవ్వి తీసిన బరపాసారస్ డైనోసార్ ఎముకలు కలకత్తా చేరాయి. అక్కడే ఆ అస్థిపంజరాన్ని నిలబెట్టారు. శాస్త్రం దృష్ట్యా అది అవసరమే కావచ్చు, కానీ సిరొంచ పిల్లలకు తమ నేల నుంచి లేచిన జంతువును చూడాలంటే దేశం అడ్డంగా దాటాలి. ఆ తర్వాత వడధంలో అటవీ శాఖ వేరే దారి పట్టింది. రాయిగా మారిన చెట్ల మానులను దొరికిన చోటనే, ఆరుబయటే, శిలాజాల పార్కుగా ఏర్పరచింది. బయటి ప్రపంచంలోనూ ఇలాంటివి ఉన్నాయి. ఇంగ్లండులో 1709లో అబ్రహాం డార్బీ కోకుతో ఇనుము కరిగించిన ఐరన్‌బ్రిడ్జి లోయలో 1967 నుంచి కొలిమిని, వంతెనను, కార్ఖానాలను ఉన్నచోటే మ్యూజియంగా కాపాడుతున్నారు. ధవళేశ్వరంలో కాటన్ పేరిట ఉన్న మ్యూజియం కూడా ఆయన కట్టించిన ఆనకట్ట పక్కనే ఉండటం వల్లనే అర్థవంతంగా ఉంది.

చివరి అభ్యంతరాన్ని అందరికంటే న్యాయంగా లేవనెత్తగలవారు సిరొంచ ప్రజలే. మాకు మ్యూజియం కాదు, రైలు కావాలి, ఆసుపత్రి కావాలి, మంచి రోడ్డు కావాలి అని వారు అంటే దాన్ని తోసిపుచ్చే హక్కు ఎవరికీ లేదు. వడసా నుంచి గడ్చిరోలికి కొత్త రైలు మార్గం పనులు మొదలయ్యాయి. అది జిల్లా కేంద్రం దాటి దక్షిణానికి రావాలని కోరడం న్యాయమే. అయితే ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి అడ్డం కావు. చరిత్ర తెలిస్తే కోరికకు బలం వస్తుంది. సిరొంచ మారుమూల ప్రాంతమనీ, అక్కడికి రైలు రాకపోవడం భౌగోళిక విధి అనీ చెప్పేవారికి జవాబు 1860ల రికార్డులో ఉంది. ఒకప్పుడు ఈ ఊరు రవాణా పటంలో నడిమధ్యన ఉంది, పాలకుల నిర్ణయాల వల్ల అంచుకు చేరింది, నిర్ణయాల వల్లనే మళ్లీ మధ్యకు రాగలదు. పైగా ఇందుకు కోట్ల ఖర్చుతో భవనాలు అక్కర్లేదు. కట్టడాల చుట్టూ కంప తీయించడం, కొలతలు, పటాలు నమోదు చేయడం, తెలుగు, మరాఠీ, గోండి భాషల్లో వివరాలు రాయించడం చాలు.

ఇక ఇంజన్లున్న మ్యూజియంలు చేయవలసింది కూడా స్పష్టం. ఎండకు, వానకు తుప్పు పడుతున్న ఇంజన్ల మీద కనీసం ఒక రేకుల షెడ్డు ఉండాలి. ఏటేటా రంగు పూయడం సంరక్షణ కాదు, తుప్పును కప్పిపుచ్చడమే. దాని పక్కన బొగ్గు ఎక్కడిదో, స్లీపరు ఏ అడవిదో, ఈ బండి ఏ ఊళ్లకు వెళ్లిందో, ఏ ఊళ్లకు వెళ్లలేదో చూపే పటం ఉండాలి. మోతీబాగ్‌లో అలాంటి పటం గీస్తే వడసా దగ్గర గీత పడమటికి తిరిగిపోవడం, ఆ గీతకు దక్షిణాన నది వెంట దేవలమర్రి, సిరొంచ, ఇచ్చంపల్లి, దుమ్ముగూడెం చుక్కలుగా మిగలడం ప్రతి సందర్శకుడి కంటా పడుతుంది. నాగపూర్ మ్యూజియం, దుమ్ముగూడెం లాకులు, వడధం పార్కు ఒకే కథలోని మూడు అధ్యాయాలుగా కలిపి చూపే బాధ్యతను మహారాష్ట్ర, తెలంగాణ ప్రభుత్వాలు, రైల్వే శాఖ కలిసి తీసుకోవాలి. ఆవిరి యుగం ఈ దేశాన్ని కలిపిందన్న మాట నిజం. ఎవరిని కలపకుండా వదిలేసిందో కూడా అంతే నిజాయితీగా చెప్పినప్పుడే ఆ మాటను నమ్మడానికి మనకు హక్కు ఉంటుంది.