బెజవాడ రోడ్డున నడిచిన ధర

జలుబు ఒకరినుంచి ఒకరికి అంటుకుంటుందంటే నమ్ముతాం. గజం ధర కూడా అలాగే పేటనుంచి పేటకు అంటుకుంటుందంటే మాత్రం నవ్వుతాం. నమ్మనివారు మలక్‌పేటలో బస్సెక్కి ఎల్‌.బి.నగర్‌లో దిగితే చాలు, కథంతా దారి పొడుగునా కనిపిస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్‌ ఒకప్పుడు పొలం. దిల్‌సుఖ్‌రామ్‌ ప్రసాద్‌ అనే భూస్వామి దాన్ని ఇళ్ళస్థలాలుగా విడగొట్టారనీ, ఆ పేరే నిలిచిందనీ చెబుతారు. 1956లో హైదరాబాదు ఆంధ్రప్రదేశ్‌ రాజధాని అయ్యాక ఉద్యోగాలకీ చదువులకీ వచ్చినవాళ్ళకి ఈ తూర్పువైపు నచ్చింది. నల్లగొండ, సూర్యాపేట, బెజవాడ బస్సులు ఈ దారినే పోతాయి మరి! పండక్కి ఊరెళ్ళాలంటే వీధి చివరే బస్సు.

మలక్‌పేటలో అందనివాడు దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్నాడు. వెనకే బావమరిదినీ పిలిపించుకున్నాడు. అక్కడా ధర లేచింది. తరవాత వచ్చినవాడు చైతన్యపురి, కొత్తపేట చూసుకున్నాడు. ఆ తరవాతివాడు లాల్‌బహదూర్‌ శాస్త్రి పేరు పెట్టుకున్న ఎల్‌.బి.నగర్‌కీ, వనస్థలిపురానికీ వెళ్ళాడు. తప్పంతా బ్రోకర్లదేనంటాం గానీ, నన్నడిగితే ధరకి భయపడి పారిపోయినవాడే దాన్ని సంచిలో పెట్టుకు మోసుకెళ్ళాడు.

ఇది మన ఒక్కరి వింతే కాదు. బ్రిటన్‌లో ఇళ్ళ ధరలు ముందు లండన్‌ చుట్టుపక్కల పెరిగి, కొంతకాలానికి ఉత్తరాదికి పాకడం ఆర్థికవేత్తలు గమనించారు. 1999లో జెఫ్రీ మీన్‌ అనే ఆయన దానికి కారణాలు తరచి చూశాడు. జనం తరలిపోవడం ఒకటి, ఇల్లమ్మిన డబ్బుతో పక్కచోట ఇంకా పెద్దది కొనడం ఒకటి, చవకచోటు వెతుక్కుంటూ పెట్టుబడి పరిగెత్తడం ఇంకొకటి.

ఎల్‌.బి.నగర్‌ 2007లో మహానగరంలో కలిసింది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి అక్కడికి మెట్రో నడిచింది. రైలు రావాలంటే పట్టాలు కావాలి. ధర రావడానికి మాత్రం రైలొస్తుందన్న కబురు చాలు.

సొంతిల్లున్నవాడికి ఇదంతా పండగే. కానీ ఆ ఇంట్లో పుట్టి పెరిగిన కొడుకు వేరుకాపురం పెట్టాలంటే ఆ వీధిలో కొనలేడు. తండ్రి ఆస్తిని పెంచిన ధరే కొడుకుని హయత్‌నగర్‌ అవతలికి తరుముతుంది. ఆదివారం మనవణ్ణి చూడ్డానికి రెండు బస్సులు మారే ఆ తాత ఆయాసం ఏ రిజిస్ట్రేషను కాగితంలోనూ ఎక్కదు.

“ఇల్లు కట్టి చూడు” అన్న పెద్దలు ఎన్నో మైలురాయి దగ్గరో చెప్పలేదు. చెప్పి ఉంటే మనకంటే ముందే ధర అక్కడికి చేరి, అరుగుమీద కాళ్ళూపుకుంటూ కూర్చునేది.