గంటల లెక్క

చెప్పులు బయట విడిచి, కాళ్లకు నీలం కవర్లు తొడుక్కుని లోపలికి రండి. హైదరాబాద్‌లో జూలై ముసురు. కిటికీ అవతల తడి, ఇవతల డీహ్యూమిడిఫయర్ హోరు. ఈ సోలార్, బ్యాటరీ ల్యాబ్‌లో అందరికీ ఉమ్మడి శత్రువు గాలిలోని తేమే.

ఎదురుగా గాజు ముఖమున్న పెద్ద స్టీలు పెట్టె, గ్లవ్ బాక్స్. లోపలంతా నైట్రోజన్. ఆక్సిజన్, తేమ రెండూ పది లక్షల్లో ఒక వంతుకన్నా తక్కువని మీటరు చూపిస్తోంది. పీహెచ్‌డీ చివరి దశలో ఉన్న అమ్మాయి నల్లటి రబ్బరు తొడుగుల్లోకి భుజాల దాకా చేతులు దూర్చింది. ఆ మొద్దు వేళ్లతో అంగుళం గాజు పలకను పట్టుకుంటుంటే చూసేవాళ్లకు చెమట పడుతుంది. పలకను స్పిన్ కోటర్ మీద పెట్టి, పచ్చటి పసుపు ద్రావణం నాలుగు చుక్కలు వేసి, మీట నొక్కింది. నిమిషానికి అయిదు వేల చుట్లు. పక్కన జూనియర్ చేతిలో స్టాప్‌వాచ్.

"అక్కా, వెయ్యమననా?"

"ఆగరా... సెకన్లు చెప్పు చాలు."

తిరిగే పలక నడిమధ్యన క్లోరోబెంజీన్ ఒక్క విసురుగా పడింది. కాస్త ముందైనా, వెనకైనా పొర మసకబారిపోతుంది. ఈసారి కుదిరింది. వంద డిగ్రీల హాట్‌ప్లేట్ మీద పెట్టగానే లేత గోధుమరంగు పొర చూస్తుండగానే నేరేడు నలుపుకు తిరిగింది. మందం వెంట్రుకలో నూరో వంతు కూడా ఉండదు. ఇదే పెరోవ్‌స్కైట్.

2009లో జపాన్‌లో మియసాకా బృందం దీన్ని సోలార్ సెల్‌లో వాడితే పడిన వెలుతురులో కరెంటుగా మారింది 3.8 శాతం. అదీ నిమిషాల్లోనే పాడైపోయింది. ఇప్పుడు 26 దాటారు. 1954లో బెల్ ల్యాబ్స్‌లో దాదాపు 6 శాతంతో మొదలైన సిలికాన్ 25 దగ్గరికి రావడానికి నాలుగు దశాబ్దాలకు పైనే పట్టింది.

పైపొరలు, బంగారం పూత అన్నీ అయ్యాక సెల్ సోలార్ సిమ్యులేటర్ కిందికి చేరింది. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు. అది పడేది మాత్రం మాస్క్‌కున్న మినపగింజంత కన్నంలోంచే. తెర మీద గీత పైకి లేచింది, అంకె ఇరవై దాటింది. జూనియర్ ఎగిరి గంతేశాడు. ఆమె నవ్వలేదు, నేరుగా మూలనున్న ఛాంబర్ తలుపు తీసింది. 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమ. అందులో వెయ్యి గంటలు నిలవాలన్నది పరీక్ష. సీలు వేసి పెట్టిన పాత సెల్‌ను పట్టకారుతో వెలుతురుకు ఎత్తింది. నల్లటి పొర మూలన గోరంత పసుపు. లోపలికి తేమ చేరి, పొర విడిపోయి, లెడ్ అయొడైడ్ బయటపడిందన్నమాట.

బ్యాటరీల గదిలోనూ ఇదే గొడవ. అక్కడి పెట్టెలో ఆర్గాన్ ఉంటుంది, లిథియం నైట్రోజన్‌తోనూ కలుస్తుంది గనక. కాయిన్ సెల్స్ వరసగా ఛార్జ్ అవుతూ, ఖాళీ అవుతూ వారాలు గడుపుతాయి. ఎన్నో సైకిల్‌కు ఏది చతికిలబడిందో రాసుకోవడమే అక్కడి రోజువారీ పని.

సభల్లో చప్పట్లన్నీ శాతానికే. నన్నడిగితే ఈ వృత్తిలో అసలు పనంతా ఆ ఛాంబర్ దగ్గరే ఉంది. డాబా మీది సిలికాన్ ప్యానెల్‌కు పాతికేళ్ల వారంటీ ఇస్తున్నారు, పోటీ దానితో. ఈసారి పేపర్లో సోలార్ రికార్డు వార్త కనిపిస్తే శాతం దగ్గరే ఆగకండి. సెల్ సైజెంత, ఎన్ని గంటలు నిలిచిందో కూడా వెతకండి.