మైలాపూరు పొయ్యిలు – శ్రీహరికోట అడవి

తిరుమయిలై స్టేషనులో రైలు దిగి లజ్ వైపు నడిచే మనవారిలో ఎంతమంది గమనించారో గాని, ఆ స్టేషను ఒక కాలువ మీద నిలిచి ఉన్నది. స్తంభాల నడుమ నల్లగా పడి ఉన్న ఆ నీటిని చూచి ముక్కు మూసుకొని పోవడం మనకు అలవాటైపోయింది. ఒకనాడు తెలుగుదేశం నుంచి ఈ పట్నానికి బియ్యమూ, ఉప్పూ, వంటచెరకూ మోసుకొని వచ్చిన బకింగ్‌హాం కాలువ అదే.

మా నాయనమ్మ ఆ పడవలను ఎరుగును. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో కట్టెల అడితి నుంచి బండిమీద వచ్చే మోపులో ఏడెనిమిది రకాల కట్టె ఉండేదట. పాలకట్టె నిప్పు నిలుస్తుందని పప్పు కుండకూ, నేరేడు కొమ్మలు నీళ్ళ కాగుకూ, బలుసు పుల్లలు రాజవేయడానికీ వేరుచేసి పెట్టుకొనేది. పోనుపోను మోపులో సర్వికట్టె ఒక్కటే వచ్చిందని చెప్పేది. అది చక్కగా మండుతుంది గనుక ఆమెకు ఫిర్యాదు ఏమీ లేదు. “అడవికట్టె అయిపోయిందిరా నాయనా” అని మాత్రం అనేది. ఆ మాటలో ఒక అడవి చరిత్ర ఇమిడి ఉన్నదని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

ఆ అడవి పేరు శ్రీహరికోట. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ పొడుగ్గా సాగిన ఇసుక దీవి. చిరకాలం నెల్లూరు జిల్లాలోది. 2022లో కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేర్చారు. మైలాపూరుకు దానికీ మధ్య సంబంధం ఈ కాలువే. 1801లో బేసిల్ కాక్రేన్ అనే దొర మద్రాసు నుంచి ఎన్నూరు వైపు తవ్వకం మొదలుపెట్టాడు. తరువాతి వారు దానిని ఉత్తరాన పులికాట్ మీదుగా మన జిల్లాలలోకి పొడిగించారు. 1876–78 నాటి ధాత కరువులో, కూలి దొరకక చచ్చిపోతున్న జనానికి పని కల్పించడానికని, కూవం నదికీ అడయారుకూ మధ్య భాగం తవ్వించారు. మైలాపూరు గుండా పోయేది ఆ కరువు కాలువే. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి పెట్టారు. పెదగంజాము నుంచి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు తెరచాపతోనూ, గట్టుమీద తాడు లాగే మనుషుల బలంతోనూ పడవలు నడిచేవి.

ఇంతలో 1856 జూలైలో రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు రైలు నడిచింది. ఆ రోజుల్లో ఇక్కడి ఇంజనులు కట్టెలతో నడిచేవి. పట్టాల కింద దిమ్మెలూ కట్టెవే. పట్నంలో వంటపొయ్యిలు ఉండనే ఉన్నవి. కనుక చుట్టుపట్ల అడవి తరిగిపోవడం దొరలకు కూడా కనిపించింది. మద్రాసు వైద్య కళాశాలలో వృక్షశాస్త్రం బోధించిన క్లెగ్‌హార్న్ అనే స్కాట్లండు వైద్యుణ్ణి అదే 1856లో అడవుల సంరక్షకుడిగా నియమించారు. సంరక్షణ అన్న మాటకు ఆనాటి అర్థం వేరు. రేపు కూడా నరుక్కోవడానికి వీలుగా నేడు కాపాడడం అన్నమాట.

ఈ విద్య ఎక్కడిదో ఒక మాట చెప్పుకోవాలి. జర్మనీ వంటి చలిదేశాలలో గనులకూ, కొలిమిలకూ అడవులు కరిగిపోగా, 1713లోనే సాక్సనీకి చెందిన కార్లోవిట్స్ అనే గనుల అధికారి, పెరిగినంతే కొట్టవలెనని గ్రంథం వ్రాశాడు. సూత్రం మంచిదే. అయితే దానిని అమలుపరచిన తరువాతివారు బీచ్, ఓక్ మొదలైన చెట్లు కలిసి పెరిగిన పాత అడవిని తీసివేసి, స్ప్రూస్ అనే ఒక్క జాతిని వరుసలుగా నాటారు. లెక్క వేయడం సులభం, కొట్టడం సులభం. మొదటి పంట అద్భుతంగా వచ్చింది. రెండవ తరం, మూడవ తరం నాటికి చాలాచోట్ల నేల పులిసిపోయింది, దిగుబడి పడిపోయింది, గాలివానకు వరుసలకు వరుసలు కూలినవి, పురుగు పట్టింది. ఈ సంగతి పూర్తిగా తేలకముందే ఆ విద్య సముద్రం దాటి వచ్చేసింది. 1864లో భారతదేశపు అడవులకు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిన బ్రాండిస్ జర్మను దేశీయుడే. మన రాజధానికి అటవీ చట్టం 1882లో వచ్చింది.

శ్రీహరికోట అడవి స్ప్రూస్ అడవి వంటిది కాదు. కోరమండల్ తీరాన వేసవి వానలకంటె కార్తీకపు వానలు ఎక్కువ. ఏడాదిలో ఆరేడు నెలలు ఎండ. అయినా ఇక్కడి చెట్లు ఆకు రాల్చవు. పొట్టిగా, గుబురుగా, మందపాటి ఆకులతో పాల, నేరేడు, అల్లి, ముషిణి కలిసి పందిరి కడతవి. కింద కలివి, బలుసు. తడినేలల్లో పేము డొంకలు. శాస్త్రజ్ఞులు దీనిని ఉష్ణమండలపు పొడి సతతహరితారణ్యం అంటారు. ఇది సహజంగా ఏర్పడినదా, యుగాల తరబడి మనిషి నరకగా ఇట్లా మిగిలినదా అని వారిలో వారికి వాదం ఉన్నది.

ఇట్టి అడవిని ప్రభుత్వం వంటచెరకు కోసం దఫాలుగా కొట్టించింది. మొదలంటా నరికితే మోడు చిగిర్చి మళ్ళీ పెరుగుతుంది గదా, నష్టమేమి అని తోస్తుంది. అయితే అన్ని జాతులూ ఒక తీరున చిగర్చవు. త్వరగా చిగిర్చేవి చోటు ఆక్రమిస్తవి. నెమ్మదిగా పెరిగే పాలచెట్టు కాయ కాచే వయస్సుకు రాకముందే మళ్ళీ గొడ్డలి వస్తుంది. నీడలో మొలిచే మొక్కలు ఎండకు మాడుతవి. ఆకు, కంప కూడా పట్నానికి పోతే ఇసుకనేలకు ఎరువు లేదు. చెట్ల సంఖ్య తగ్గినట్లు కనబడదు. జాతుల సంఖ్య తగ్గుతుంది. ఆపైన సర్వి, నీలగిరి తోటలు వచ్చినవి. బరువు తూచి చూస్తే సర్వితోట అయిదారేళ్ళలో ఇచ్చే కట్టె అడవి ఇవ్వలేదు, నిజమే. మా నాయనమ్మ మోపులో ఒకే రకం కట్టె మిగలడానికి కారణం ఇదే.

2016లో ‘సైన్స్’ పత్రికలో ఒక పెద్ద పరిశోధన వెలువడింది. 44 దేశాలలో 7,77,126 అటవీ నమూనా స్థలాలను లెక్కించి చూడగా, చెట్ల జాతులు 10 శాతం తగ్గితే అడవి దిగుబడి సగటున 3 శాతం దాకా తగ్గునని తేలింది. జాతులు ఇంకా తగ్గేకొద్దీ నష్టం ఇంకా వేగంగా పెరుగునట. వేళ్ళు వేర్వేరు లోతుల్లో నీరు తాగుతవి, ఆకులు వేర్వేరు ఎత్తుల్లో వెలుతురు పట్టుకొంటవి, ఒకదానికి తెగులు వస్తే ఇంకొకటి నిలుస్తుంది. అయిదేళ్ళకు ఒకసారి తూచే కాటాలో ఇది పడదు.

ఇక్కడ ఒక సంగతి దాటవేయరాదు. మనుషులవల్ల అడవికి హాని అని మనం తేలికగా అంటాము, ఏ మనుషులు? శ్రీహరికోటలో తరతరాలుగా యానాదులు ఉన్నారు. దుంపలు తవ్వుకొని, తేనె, మూలికలు సేకరించి, మడుగుల్లో చేపలు పట్టి బ్రతికినవారు. ఆ అడవిలో ఏ వేరు ఏ రోగానికో వారికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. 1835లో ఆ దీవి సర్కారు చేతికి వచ్చినప్పటినుంచి అటవీ ఉత్పత్తులు సేకరించి ఇచ్చే పనికి వారినే పెట్టారు. అడవి పలచబడింది వారి దుంపల గునపంతో కాదు. వారిచేత కొట్టించి పట్నానికి పడవలెక్కించిన వ్యాపారంతో. ఆ పడవలు వచ్చి ఆగింది మన వీధి చివరనే గనుక, మనవాళ్ళం ఈ లెక్కలోనుంచి తప్పుకోలేము.

1965, 1966 తుఫానులలో కాలువ బాగా దెబ్బతిన్నది. కిరసనాయిలు స్టవ్వులు, గ్యాసు వచ్చినవి. 1969లో రాకెట్ల కేంద్రానికి శ్రీహరికోటను ఎన్నుకొన్నారు. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి మొదటి రాకెట్టు లేచింది. జనం నివసించని విశాలమైన స్థలం రాకెట్లకు అవసరం గనుక ఊళ్ళు ఖాళీ అయినవి. యానాదులలో కొందరు దీవిలోనే కాలనీ కట్టించగా ఉన్నారు, కొందరు గట్టుమీది ఊళ్ళకు పోయారు. అడవిలోకి స్వేచ్ఛగా పోవడం ఆగిపోయింది. గొడ్డలి కూడా ఆగింది. నేడు ఈ తీరంలో ఆ రకపు అడవి పెద్ద మొత్తంగా మిగిలిన చోటు శ్రీహరికోటే. దాని పాలూ ముషిణీ మళ్ళీ గుబురెత్తినవి. కాని ఊళ్ళవారు వదలిపోయిన పశువులు అక్కడే అడవిపశువులై మందలుగా పెరిగి లేతచిగుళ్ళు మేస్తున్నవి. మనిషి వెళ్ళిపోయినా ఆయన చేసిన పని వెళ్ళిపోలేదు.

మైలాపూరు దగ్గర అదే జాతి అడవి తునక ఒకటి గిండీలో ఉన్నది. గవర్నరు తోట గనుక బ్రతికింది. ఐ.ఐ.టి.కి కొంత పోగా, మిగిలిన సుమారు 2.7 చదరపు కిలోమీటర్లను 1978లో జాతీయవనం చేశారు. ఇక కపాలీశ్వరుని కోవెలలో స్థలవృక్షం పొన్న. అమ్మవారు నెమలిరూపంలో శివుని పూజించింది ఆ చెట్టు కిందనేనని స్థలపురాణం. పూర్వం మైలాపూరు ఇసుకనేలలో ఏ చెట్లు ఉండేవో చెప్పడానికి అదొక సాక్ష్యం. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను వచ్చి పట్నపు వీధుల్లో వేలకొద్దీ చెట్లను పడగొట్టినప్పుడు, ఎర్రతురాయి, పచ్చతురాయి వంటి పరదేశపు చెట్లు మా వీధిలో ఒక్కటీ మిగలలేదు. వేపలు రెండు నిలిచినవి.

2019 నుంచి రాకెట్టు ప్రయోగం చూడడానికి మామూలు జనాన్ని కూడా అనుమతిస్తున్నారు. సూళ్ళూరుపేట నుంచి సరస్సు మీది రోడ్డున పోవాలి. ఈసారి మన పిల్లలను తీసుకొనిపోయినప్పుడు, అందరూ మెడలెత్తి ఆకాశంలోకి చూస్తూ ఉండగా, ఒక్క నిమిషం కిందికి చూడమనండి. పొగకు ఇవతల ఆకుపచ్చగా గీతలాగా కనబడేది మా నాయనమ్మ పొయ్యిలో మండిన అడవి.