సాసేజి విషం నుండి పండుగ పళ్ళెం వరకు

డిసెంబరు నెలలో అమెరికాలోనో, ఇంగ్లండులోనో ఉన్న పిల్లల ఇళ్ళకు వెళ్ళినవారు ఈ దృశ్యాన్ని చూసే ఉంటారు. క్రిస్మస్ విందుకు వచ్చిన అతిథుల ముందు, భోజనానికి ముందుగా ఒక పెద్ద చెక్కపలకను ఉంచుతారు. దానిపై పలుచగా కోసిన పంది మాంసపు పొరలు, సలామీ బిళ్ళలు, నాలుగైదు రకాల చీజ్ ముక్కలు, ద్రాక్షపళ్ళు, ఆలివ్ కాయలు, బాదం పప్పులు అందంగా అమర్చి ఉంటాయి. ఫ్రెంచి మాటను స్వీకరించి దీనిని షార్కూటరీ బోర్డు అంటున్నారు. ఒక ఏడాది మా అమ్మాయి ఇంట్లో అటువంటి పలక చుట్టూ అందరం చేరినప్పుడు, గర్భవతి అయిన ఒక అతిథి మెత్తని చీజ్ ముక్కను చేతిలోకి తీసుకొని, "అంకుల్, ఇది నేను తినవచ్చునా?" అని అడిగింది. ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. కాని ఆ జవాబు వెనుక రెండు వందల ఏళ్ళ వైద్య చరిత్ర ఉంది.

నేడు విలాసంగా కనిపించే ఈ పలక ఒకప్పుడు ఆకలిని తప్పించుకొనే ఉపాయం. ఐరోపా చలికాలంలో పశువులకు మేత కరవు. అందుచేత రైతులు నవంబరు 11న వచ్చే సెయింట్ మార్టిన్ పండుగ వేళకు పందులను కోసి, ఆ మాంసాన్ని వసంతం వరకు నిలవ చేసుకొనేవారు. మనం వేసవిలో ఆవకాయ పెట్టి, వడియాలు, ఎండు చేపలు ఆరబెట్టి వానాకాలానికి దాచుకొన్నట్లే. మనకు ఎండ తోడైతే వారికి ఉప్పు, చలిగాలి, పొగ తోడయ్యాయి. క్రీ.పూ. 2వ శతాబ్దపు రోమన్ రచయిత కేటో తన వ్యవసాయ గ్రంథంలో పంది తొడలను పన్నెండు రోజులు ఉప్పులో ఉంచి, గాలికి ఆరవేసి, ఆపై పొగ పట్టించే పద్ధతిని వివరించాడు. పారిస్‌లో వండిన పంది మాంసం అమ్మేవారికి 15వ శతాబ్దం నాటికే ప్రత్యేక వృత్తి సంఘం ఉండేది. మాంసం, వండినది అనే అర్థాలు గల రెండు ఫ్రెంచి మాటల కలయికే షార్కూటరీ.

ఉప్పు మాంసంలోని నీటిని పీల్చివేస్తుంది. నీరు అందని సూక్ష్మజీవులు వృద్ధి చెందలేవు. అయితే ఉప్పు చాలకపోయినా, పొగ లోపలికి పట్టకపోయినా ఏమవుతుందో జర్మనీలోని వుర్టెంబర్గ్ ప్రాంత ప్రజలు ప్రాణాలిచ్చి తెలుసుకొన్నారు. 19వ శతాబ్దం తొలినాళ్ళలో అక్కడ సాసేజిలు తిన్నవారు కొందరు విచిత్రమైన జబ్బుతో మరణించారు. జస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు ఆ రోగులను శ్రద్ధగా పరిశీలించాడు. నోరు ఎండిపోవడం, కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగలేకపోవడం, చివరకు ఊపిరి తీసుకొనే కండరాలు చచ్చుబడడం. ఇంత జరుగుతున్నా రోగికి స్పృహ తప్పకపోవడం. ఈ లక్షణాలను 1820లోను, 1822లోను ఆయన ప్రకటించిన వివరణలు నేటికీ చెల్లుతాయి. చెడిన సాసేజి సారాన్ని ఆయన తన నాలుక మీద వేసుకొని కూడా పరీక్షించాడు. గాలి చొరని చోటనే ఈ విషం పుడుతుందని గుర్తించాడు. సాసేజికి లాటిన్ మాట బోటులస్. ఈ వ్యాధికి బాట్యులిజం అనే పేరు దాని నుండే వచ్చింది.

విషాన్ని పుట్టించే జీవి దొరకడానికి మరో డెబ్బై ఏళ్ళు పట్టింది. 1895 డిసెంబరులో బెల్జియంలోని ఎల్జెల్ అనే గ్రామంలో ఒక వృద్ధుడి అంత్యక్రియలకు వాద్యబృందం వచ్చింది. ఆ కళాకారులు తిన్న పంది తొడ మాంసం వల్ల చాలామంది జబ్బుపడ్డారు, ముగ్గురు మరణించారు. గెంట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ మిగిలిన మాంసం నుండి, మృతుల కణజాలం నుండి ఒక బ్యాక్టీరియాను వేరుచేసి, 1897లో ఆ వివరాలను ప్రచురించాడు. ప్రాణవాయువు లేని చోట పెరిగే ఆ జీవినే మనం క్లాస్ట్రీడియం బాట్యులినమ్ అంటున్నాము. దాని సిద్ధబీజాలు మరిగే నీటిలో కూడా చావవు.

ఈ బ్యాక్టీరియాను అణచే పదార్థాన్ని మాంసం నిలవచేసేవారు తెలియకుండానే వాడుతూ వచ్చారు. అది సురేకారం. మాంసానికి ఎర్రని రంగు వస్తుందని దానిని ఉప్పులో కలిపేవారు. సురేకారంలోని నైట్రేట్ మాంసంలో నైట్రైట్‌గా మారుతుందని 19వ శతాబ్దం చివర తేలింది. రంగుతో పాటు రక్షణ కూడా ఆ నైట్రైట్ వల్లనే. 1925లో అమెరికా ప్రభుత్వం దానిని నేరుగా వాడడానికి అనుమతించింది.

ఆ రక్షణకు వెల కూడా ఉందని తరువాత తెలిసింది. నైట్రైట్, మాంసకృత్తుల నుండి వచ్చే అమీన్లు కలిసి నైట్రోసమీన్లు అనే రసాయనాలు ఏర్పడగలవు. వాటిలో ఒకటి ఎలుకలలో కాలేయపు క్యాన్సర్‌ను కలిగిస్తుందని 1956లో మాగీ, బార్న్స్ అనే ఇంగ్లండు పరిశోధకులు చూపారు. 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, నిలవచేసిన మాంసాన్ని మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తినేవారిలో పెద్దప్రేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని అంచనా వేసింది. పొగాకు కూడా ఆ వర్గంలోనే ఉన్నది గనుక రెండూ సమానమని కొందరు భయపడ్డారు. అది పొరపాటు. ఆ వర్గం సాక్ష్యపు బలాన్ని చెబుతుంది, ముప్పు పరిమాణాన్ని కాదు. జీవితకాలంలో నూటికి నలుగురికి ఈ క్యాన్సర్ వచ్చే సమాజంలో అందరూ రోజూ అంత మాంసం తింటే, ఆ సంఖ్య అయిదుకు చేరువవుతుంది. పండుగనాటి రెండు పొరలు వేరు, ప్రతి ఉదయపు అల్పాహారం వేరు.

ఇక చీజ్ మాట. పోలండులో దొరికిన, సుమారు ఏడు వేల ఏళ్ళనాటి చిల్లుల మట్టిపాత్రలలో పాలకొవ్వు జాడలు ఉన్నాయని 2012లో శాస్త్రజ్ఞులు తెలిపారు. విరిగిన పాల నుండి నీటిని వడకట్టడానికి వాటిని వాడారన్నమాట. పాలలోని చక్కెర చాలావరకు ఆ నీటితో పోతుంది గనుక, పాలు అరగనివారు కూడా చీజ్ తినగలిగారు. గట్టి చీజ్‌లో నీరు తక్కువ; ఉప్పు, పులుపు ఎక్కువ. మెత్తని చీజ్‌లో తేమ హెచ్చు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఆ తేమలో, అదీ ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. 1985లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో మెక్సికన్ తరహా మెత్తని చీజ్ వల్ల 142 మందికి లిస్టీరియా వ్యాధి సోకింది. వారిలో 93 కేసులు గర్భిణులవి, లేదా వారి శిశువులవి. మొత్తం 48 మరణాలలో 30 గర్భస్థ పిండాలు, నవజాత శిశువులు. తల్లికి కొద్దిపాటి జ్వరంగా తోచే ఈ వ్యాధి బిడ్డ ప్రాణం తీయగలదు. అందుకే ఆ అమ్మాయితో, "ఆ ముక్క పక్కన పెట్టమ్మా, గట్టి చీజ్ తిను. ఆ మాంసపు పొరలు కూడా పొగలు వచ్చేలా వేడిచేస్తే తప్ప వద్దు" అని చెప్పాను.

మందులు వాడేవారికి మరొక హెచ్చరిక. మాగిన చీజ్‌లో టైరమీన్ అనే పదార్థం పేరుకొంటుంది. కుంగుబాటుకు వాడే ఒక తరగతి మందులతో అది కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతుందని లండన్ వైద్యుడు బారీ బ్లాక్‌వెల్ 1963లో గుర్తించాడు. మొండి క్షయకు మన దేశంలో ఇచ్చే లినెజోలిడ్‌కు కూడా కొంతవరకు అదే గుణం ఉంది.

పలక పేర్చేవారికి నా సూచనలు ఇవి. సగం పలకను పళ్ళు, కూరగాయల ముక్కలు, ఉప్పు లేని పప్పులతో నింపండి. మాంసం మనిషికి రెండు మూడు పలుచని పొరలు చాలు. ఉప్పుతో మాగిన పంది తొడలో ఉప్పు నూటికి అయిదు పాళ్ళకు దగ్గరగా ఉంటుంది. 50 గ్రాములు తింటే రోజుకు మించరాదని చెప్పే 5 గ్రాముల ఉప్పులో సగం అక్కడే చెల్లిపోతుంది. ఇటలీలోని పార్మా వారు తమ తొడ మాంసంలో ఉప్పు తప్ప నైట్రైట్ వాడరు. ఆకుకూర పొడితో నిలవచేశామని రాసిన పొట్లాలలో మాత్రం ఆ ఆకు నుండి వచ్చిన నైట్రైటే ఉంటుంది. రెండు గంటలకు మించి పలకను బయట ఉంచకండి. శాకాహార అతిథులు ఉంటే చీజ్ పొట్లం చదవండి. పార్మెజాన్ వంటివాటిలో పాలు విరవడానికి దూడ పొట్ట నుండి తీసిన రెన్నెట్ వాడతారు.

ఉప్పు, పొగ, సురేకారం ఒకప్పుడు మనుషులను చలికాలం దాటించాయి. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఆ అవసరం తీరిపోయి, రుచి మాత్రం మిగిలింది. రుచి కోసం తినేది కొద్దిగా తింటే చాలు. పలక పేర్చే ముందు దాని చుట్టూ ఎవరెవరు కూర్చోబోతున్నారో, వారిలో గర్భిణి, వృద్ధులు, రక్తపోటు ఉన్నవారు ఎవరో ఒకసారి తలచుకోండి.