గుబ్బియో కొండపండుగ - మూడు శ్రేణుల చరిత్రము

మహాసభా సంచికకు చరిత్రవిషయకమైన వ్యాసమొకటి వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు కోరిరి. మన పూర్వుల ఘనతను వర్ణింప సమర్థులు పెక్కుమంది గలరు గావున, మేము దూరదేశపు వృత్తాంతము నొకదానిని ఎన్నుకొంటిమి. ఇటలీదేశమున గుబ్బియో యను కొండయూర ఏటేట మే నెల 15వ తేదీని జరుగు క్యాథలిక్కు పునీతుని యుత్సవమే యా వృత్తాంతము. దానితో మనకేమి ప్రయోజనమని పాఠకమహాశయులు శంకింపవచ్చును. వేరువేరు వృత్తులవారు ఒక్క యూర నెట్లు కలిసి నడువవలయునో ఆ యుత్సవము శతాబ్దములుగా బోధించుచున్నది. ఇదియే ప్రయోజనము.

గుబ్బియో మధ్య ఇటలీలోని ఉంబ్రియా మండలమున, ఇంజీనో యను కొండవాలున వెలసిన ప్రాచీన పట్టణము. ఇగువియము దీని పూర్వనామము. 15వ శతాబ్దమున నిచ్చట ఏడు కంచురేకులు బయల్పడినవి. క్రీస్తునకు పూర్వము ఆ యూరి యర్చక సోదరబృందము జరుపుచుండిన క్రతువుల విధానము వానిపై ఉంబ్రియన్ భాషలో చెక్కబడియున్నది. సంస్కృతము చదివిన మావంటివారికి ఆ రేకుల ప్రసంగము కర్ణరసాయనము. ఊరి క్షేమమును దేవతలను వేడుచోట దుపుర్సుస్, పెతుర్పుర్సుస్ అను పదములు గలవు. ఇవి మన ద్విపద, చతుష్పద శబ్దములకు తోబుట్టువులు. రెండుకాళ్ల జీవులకును నాలుగుకాళ్ల జీవులకును మన ఋషులు కోరిన శుభమునే ఆ కొండప్రజలును కోరిరి. మనము చెప్పుకొనబోవు పండుగ అట్టి ప్రాచీనపూజల శేషమని కొందరును, కేవలము పునీతుని స్మరణార్థము పుట్టినదని కొందరును వాదింతురు. ఆ వివాదమును తీర్ప మేము పూనుకొనము.

ఆ పునీతుని పేరు ఉబాల్డో. ఆయన 1129వ సంవత్సరమున ఆ పట్టణమునకు బిషప్పు అయ్యెను. 1155లో ఫ్రెడరిక్ బార్బరోస్సా చక్రవర్తి సేనాసమేతుడై సమీపింపగా, ఉబాల్డో ఎదురేగి మాటాడి పట్టణమును కాపాడెనని ప్రసిద్ధి. 1160వ సంవత్సరము మే 16వ తేదీని ఆయన పరమపదించెను. 1192లో పోపు మూడవ సెలెస్టీన్ ఆయనను పునీతునిగా ప్రకటించెను. 1194లో ఆయన కాయమును కొండపైకి చేర్చిరి. నేటికిని అది కొండమీది దేవాలయమున నున్నది. నిర్యాణదినమునకు ముందునాడే ఈ పండుగ.

ఆయనను గూర్చి యొక కథ గలదు. పట్టణపు గోడ కట్టుచుండగా పనివారు ఆయన ద్రాక్షతోటకు నష్టము కలిగించిరి. ఆయన శాంతముగా మందలింపగా, పనివారి మేస్త్రి కినిసి ఆయనను తడిసున్నములోనికి త్రోసెను. పౌరులు కోపించి మేస్త్రిని దండింప నుద్యుక్తులైరి. ఉబాల్డో అడ్డుపడి, అపరాధము నాకు జరిగినది గావున తీర్పును నాదేయని చెప్పి, వానిని ముద్దిడి విడిచిపెట్టెను. నేడు ఉబాల్డో విగ్రహమును కొండమీదికి మోసికొనిపోవు సంప్రదాయము తాపీపనివారిది. త్రోసిన చేతుల సంతతియే మోయుచున్నది! ఇంతకంటె చక్కని ప్రాయశ్చిత్తము మేము వినలేదు.

ఇక పండుగను వర్ణింతుము. చేరో యనగా మైనపువత్తి. పూర్వము శ్రేణులవారు మైనము నర్పించుచుండగా, 16వ శతాబ్దాంతమునకు దాని స్థానమున కొయ్యస్తంభములు వచ్చినవి. ఇవి మూడు. ఒక్కొక్కటి 4 మీటర్లకు మించిన పొడవును, 3 వందల కిలోలకు సమీపించు బరువును గలది. మొదటిదానిపై ఉబాల్డో, రెండవదానిపై జార్జి, మూడవదానిపై ఆంతోని విగ్రహములు నిలుచును. మొదటిది తాపీపనివారిది, రెండవది వర్తకులును చేతిపనివారును చేరినది, మూడవది కృషీవలులది. మోతగాండ్ర చొక్కాలు క్రమముగా పసుపు, నీలము, నలుపు. తెల్లని లాగులును ఎఱ్ఱని నడికట్లును అందరికిని సమానములు.

మధ్యాహ్నమునకు ముందు ఊరి నడిచౌకమున పండుకొన్న స్తంభముల మొదట నాయకులు కుండలతో నీరు పోసి, ఆ కుండలను జనముపైకి విసరుదురు. పగిలిన పెంకులను జనులు శుభప్రదములని ఇండ్లకు కొనిపోవుదురు. పెద్దగంట మ్రోగుచుండగా స్తంభములు ఒక్కపెట్టున నిటారుగా లేచును. సాయంకాలము ఆరుగంటలకు పరుగు ప్రారంభమగును. దారి నాలుగు కిలోమీటర్లకు పైబడినది, అందు చివరిభాగము నిట్రమైన కొండయెక్కుడు. ఒక జట్టు అలసినంతనే, స్తంభము ఆగకుండగనే, మరియొక జట్టు భుజము మార్చుకొనవలెను.

ఇందు ముఖ్యమైన నియమ మొకటి గలదు. ఈ పరుగులో ఒకరు నొకరిని దాటరాదు. ఉబాల్డో ముందు, జార్జి నడుమ, ఆంతోని వెనుక: ఈ వరుస ఎన్నడును మారదు. మరి గెలుపెక్కడ నని యడుగుదురేని, తమ స్తంభము పడకుండుట, ఒరగకుండుట, ముందువారికి దూరము కాకుండుట, ఇదియే గెలుపు. కొండపై మాత్రము చిన్న చమత్కారము గలదు. ముందు చేరిన ఉబాల్డో జట్టు వెనుకవారు ప్రవేశింపకమునుపే దేవాలయపు తలుపు మూయ యత్నించును. ఆ తరువాత మువ్వురు పునీతుల విగ్రహములను దింపి, దీపములతో పాడుచు అందరును కలసి ఊరికి మరలుదురు.

కాలము మారినది. నేడు గుబ్బియోలో వృత్తినిబట్టి గాక కుటుంబ సంప్రదాయమునుబట్టి జట్టులలో చేరుచున్నారు. అయినను శ్రేణి నిలిచినది. మన దేశమునను ఇట్టి దృష్టాంతము గలదు. మందసోరులోని 5వ శతాబ్దపు శాసనము, లాటదేశము విడిచి దశపురము చేరిన పట్టునేతగాండ్ర శ్రేణి సూర్యాలయము కట్టించిన సంగతి తెలుపుచున్నది. వారిలో కొందరు విలువిద్యను, కొందరు జ్యోతిషమును చేపట్టిరి. అయినను శ్రేణి చీలక నిలిచి, అనంతరకాలమున జీర్ణమైన ఆలయమును ఉద్ధరించెను. వృత్తి పోయినంతమాత్రమున సంఘము పోదు, భారము దింపివేసిననాడే పోవును.

1917లో ప్రపంచయుద్ధరంగమున కోల్ ది లానా యను కొండపై గుబ్బియో సైనికులు దొరకిన సామగ్రితో స్తంభములు చేసికొని తమ పండుగను జరుపుకొనిరి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి జెస్సప్ అను ఊరికి వలసపోయినవారును ఈ యాచారమును వెంట గొనిపోయిరి. 1973లో మూడు స్తంభముల గుర్తు ఉంబ్రియా మండలపు రాజచిహ్నమాయెను. 2020, 2021 సంవత్సరములలో మహమ్మారి కారణమున పరుగు ఆగి, 2022లో మరల సాగినది. బాలురకు చిన్నస్తంభములతో వేరొక పరుగును గలదు. చిన్ననాటనే భుజము అలవడవలెనని పెద్దల యాశయము.

ఇంతయు వ్రాయుటకు కారణమును దాచక చెప్పెదము. చాలకాలము క్రిందట నొక సభలో వేదికపై మాకు ముందుపీఠము దక్కలేదని కినిసి, మాతో నలువురను లేపుకొని మేము బయటికి వచ్చితిమి. పేదవిద్యార్థుల వసతికై చేయవలసిన తీర్మానము ఆనాడు చర్చకు రాకయే ముగిసెను. ఆ యేడు చదువు మానిన పిల్లలలో ఒకడు మా తరగతివాడే. ఆంతోని స్తంభమును మోయు రైతులు తరతరములుగా మూడవవారుగనే కొండ నెక్కుచున్నారు. అందులకు వారు స్తంభమును దారిలో దింపి ఇంటికి పోలేదు. ఈ యెఱుక మాకు ఆలస్యముగా కలిగినది.

కావున సోదరులారా! ఈ మహాసభలో ఎవరు ముందు, ఎవరు వెనుక యను విచారమును విడిచి, మోయవలసినదానిని పడకుండ మోసికొనిపోవుదము. వరుస యేదైనను కొండకొన ఒక్కటే. స్వస్తి.